నల్లరేగడి పెరట్లో తాత్కాలిక స్విమ్మింగ్ పూల్: నేల సిద్ధం చేసుకునే పద్ధతి

శివరాత్రి దాటిందంటే మా వైపు, అంటే మహారాష్ట్ర చంద్రాపూర్ జిల్లాలోని బల్లార్షా, రాజురా, ఘుగ్గుస్, గడ్‌చాందూర్ చుట్టుపక్కల, ఎండ ముదురుతుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటడం మామూలే, కొన్ని రోజులు 47 కూడా చూస్తాం. సెలవులకు కాగజ్‌నగర్ నుంచో మంచిర్యాల నుంచో చుట్టాల పిల్లలు దిగారంటే మధ్యాహ్నాలు గడవడం కష్టం. అందుకే ఇనుప పైపుల ఫ్రేమ్ మీద నిలబెట్టే పూల్స్ ఇప్పుడు చాలా ఇళ్ల పెరళ్లలో కనిపిస్తున్నాయి. ఆర్డర్ పెడితే పెట్టె ఇంటికే వస్తుంది, ఇద్దరు మనుషులుంటే ఒక పూటలో బిగించేయొచ్చు. కానీ దాని కింద నేల సిద్ధం చేయడానికి వారం పది రోజులు పడుతుంది. ఆ పని చేయకుండా బిగించిన పూల్స్ ఒకవైపు ఒరిగిపోవడం, కాళ్లు మట్టిలోకి దిగిపోవడం మా దగ్గర ప్రతి వేసవిలో చూస్తూనే ఉన్నాం.

పూల్‌తో వచ్చే పుస్తకంలో చదునైన గట్టి నేల మీద పెట్టమని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. వార్ధా నది పరీవాహకంలో నల్లరేగడి మీద ఇల్లు కట్టుకున్నవాళ్లకు అలాంటి నేల ఎక్కడ దొరుకుతుంది? ఎండాకాలం చెయ్యి దూరేంత బీటలు, గట్టి వాన పడితే చెప్పు ఊడి వచ్చే బురద. ఇలాంటి చోట ముందు నీళ్లు బయటికి పోయే దారి చూసుకోవాలి, లెవెల్ సంగతి ఆ తర్వాత. ఈ వరస తప్పితే ఎంత నున్నగా చదును చేసినా నిలవదు.

నేల మీద బరువు, గోడ మీద తోపుడు

10 అడుగుల వెడల్పు, 30 అంగుళాల ఎత్తు ఉండే గుండ్రటి ఫ్రేమ్ పూల్ ఉదాహరణగా తీసుకుంటాను, ఎక్కువ మంది కొనేది అదే సైజు. రెండడుగుల లోతు నింపితే దాదాపు 4,400 లీటర్లు, అంటే నాలుగు టన్నులు దాటిన బరువు. ఈ లెక్క వినగానే నేల ఆగుతుందా అని టెన్షన్ పడతారు. నిజానికి రెండడుగుల నీళ్లు చదరపు మీటరుకు 600 కిలోల చొప్పున పరుచుకుని ఉంటాయి. మనిషి ఒంటికాలి మీద నిలబడితే ఆ పాదం కింద పడే ఒత్తిడి ఇంతకంటే చాలా ఎక్కువ. కాబట్టి మామూలు నేల ఈ బరువును మోస్తుంది. ఒకవైపు ఎక్కువగా, మరోవైపు తక్కువగా కుంగినప్పుడే కష్టం వస్తుంది.

పూల్ ఒరిగితే పల్లం వైపు నీళ్లు లోతవుతాయి. గోడను నీళ్లు బయటికి తోసే బలం లోతుతో సమానంగా పెరగదు, లోతు రెట్టింపైతే తోపుడు నాలుగు రెట్లవుతుంది. ఒకవైపు నీళ్లు 55 సెంటీమీటర్లు, ఇంకోవైపు 65 ఉన్నాయనుకోండి. తేడా నాలుగు అంగుళాలే. 55 ఉన్న వైపు మీటరు పొడవు గోడ మీద సుమారు 150 కిలోల తోపుడు ఉంటే, 65 ఉన్న వైపు 210 కిలోలు దాటుతుంది. ఆ తోపుడుకు పల్లం వైపు కాళ్లు బయటికి వంగుతాయి, నీళ్లు ఇంకా అటే జరుగుతాయి. మొదలైతే ఆగదు. అందుకే మొత్తం వెడల్పు మీద అంగుళానికి మించి తేడా ఉండకూడదు, అర అంగుళం లోపు సాధిస్తే నిశ్చింత.

ఇక నల్లరేగడి గుణం. ఈ మట్టిలోని సన్నటి బంకమన్ను తడి తగిలితే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుని పగుళ్లు ఇస్తుంది. పూల్ కింద ఒక మూల నీళ్లు కారాయంటే ఆ మూల పైకి లేస్తుంది, పొడిగా ఉన్న మిగతా భాగం అలాగే ఉంటుంది. లెవెల్ మనం చెడగొట్టకపోయినా తడే చెడగొడుతుంది.

చోటు

ఇంటి గోడకు కనీసం పది అడుగుల దూరం ఉండాలి. రేగడి మీద కట్టిన ఇళ్లకు పునాది పక్కన రోజూ తడి తగలడం మంచిది కాదు, పైగా పూల్ ఎప్పుడైనా తెగితే నాలుగు టన్నుల నీళ్లు ఒక్కసారిగా వచ్చి పడతాయి. కాంపౌండ్ గోడకు ఆనించి పెట్టడం కూడా అందుకే వద్దు. సెప్టిక్ ట్యాంకు మీద, నీళ్ల సంపు స్లాబు మీద, పాత బావి పూడ్చిన చోట పెట్టనే పెట్టొద్దు. కరెంటు తీగల కింద అసలు వద్దు.

బొగ్గు గనుల పక్కన ఉండేవాళ్లకు ఇంకో మాట. ఘుగ్గుస్‌లో 2022 ఆగస్టులో ఒక ఇల్లు ఉన్నట్టుండి భూమిలోకి కుంగిపోయిన సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. పాత భూగర్భ గనుల మీద ఉన్న వాడల్లో నేల ఎక్కడైనా గుంటలా దిగినట్టు కనిపిస్తే, గోడలకు కొత్త పగుళ్లు వస్తుంటే, అక్కడ పూల్ ఆలోచన మానుకోండి. పైన మనం చేసే ఏ పనీ ఆ లోతుకు పనికిరాదు.

వాలు కూడా ముందే చూసుకోండి. పద్నాలుగు అడుగుల దూరంలో అడుగు కంటే ఎక్కువ వాలు ఉంటే వేరే చోటు వెతుక్కోవడం నయం. అంత తవ్వి, అంత నింపాక పూల్ కంటే నేలకే ఎక్కువ ఖర్చవుతుంది.

నీళ్లు ఇంకుతాయా లేదా

పూల్ పెట్టాలనుకున్న చోట జానెడు వెడల్పు, అడుగు లోతు గుంట తవ్వి నీళ్లు నింపండి. మామూలు నేలల్లో ఈ పరీక్ష సులభం. రేగడిలో మాత్రం మొదటిసారి పోసిన నీళ్లు చూస్తుండగానే మాయమవుతాయి. నేల బాగా పీలుస్తోందని సంబరపడొద్దు, అవి బీటల్లోకి జారిపోయాయి అంతే. సాయంత్రం మళ్లీ నింపండి, మర్నాడు పొద్దున ఇంకోసారి నింపండి. అప్పటికి మట్టి ఉబ్బి బీటలు మూసుకుంటాయి. ఇప్పుడు గుంట పక్కన స్కేలు పెట్టి గంటకు ఎంత దిగిందో చూడండి. గంటకు అంగుళం కంటే తక్కువ దిగితే నీళ్లు సరిగ్గా పోని నేల కింద లెక్క. మా దగ్గర చాలా చోట్ల అందులో సగం కూడా దిగదు.

ఇలా తేలితే ఒక పని అస్సలు చేయకూడదు. మిట్ట తవ్వి పల్లంతో కలపండి, గుంట చేసి ఇసుక పరవండి అని ఎక్కువగా వినిపించే సలహా ఇసుక నేలలకు, ఎర్ర నేలలకు బాగుంటుంది. రేగడిలో గుంట తవ్వి ఇసుక నింపితే గిన్నెలో ఇసుక పోసినట్టే. వాన నీళ్లు, పిల్లలు చిమ్మిన నీళ్లు అన్నీ అందులోకి దిగుతాయి, అడుగున బంకమన్ను వాటిని బయటికి పోనివ్వదు. మాకు తెలిసిన ఒక ఇంట్లో ఇలాగే అడుగు లోతు ఇసుక పోసి పైన పూల్ బిగించారు. ఏప్రిల్‌లో ఒక్క గాలివాన పడింది. పైకి అంతా ఆరినట్టే ఉంది, కానీ మడమతో నొక్కితే ఇసుక జావలా కదిలింది. రెండు రోజుల్లో ఒకవైపు మూడు కాళ్లు లోపలికి దిగాయి.

మన నేలకు కావలసింది చుట్టూ నేలకంటే కాస్త ఎత్తుగా నిలబడే గట్టి మొరం (రాతి ముక్కలు కలిసిన గరుకు మట్టి) దిమ్మె. దాని అడుగుకు వాలు ఉండాలి, ఆ వాలు చివర నీళ్లు బయటికి పోయే కాలువ ఉండాలి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

హోలీకి ముందే మొదలుపెట్టండి. అప్పటికి రేగడిలో చలికాలపు తేమ కొంత మిగిలి ఉంటుంది, బీటలు ఇంకా పెద్దవి కావు, గడ్డపార దిగుతుంది. ఏప్రిల్ చివర తవ్వితే పెళ్లలు రాయిలా లేస్తాయి, కూలి కూడా రెట్టింపవుతుంది.

గీత గీయడం, మట్టం చూడడం

పూల్ మధ్యలో ఉండాల్సిన చోట గట్టి ఇనుప రాడ్ పాతండి. దానికి సుతిలి కట్టి ఏడు అడుగుల దూరంలో సున్నంతో గుండ్రంగా గీత గీయండి. పూల్ పది అడుగులదే, కానీ దిమ్మె చుట్టూ రెండేసి అడుగులు ఎక్కువ రావాలి, అందుకే పద్నాలుగు అడుగుల వెడల్పు. అంచు పక్కనే నేల తడిసి ఉబ్బకుండా కాపాడేది ఆ రెండడుగులే, స్థలం చాలదని అక్కడ తగ్గించకండి.

గీత మీద ఎనిమిది చోట్ల గూటాలు కొట్టి, లెవెల్ పైపుతో అన్నింటి మీదా ఒకే మట్టం గుర్తు పెట్టండి. లేజర్ మెషీన్ అద్దెకు తెస్తే మంచిదే, కానీ ముప్పై నలభై అడుగుల పారదర్శకమైన పైపు, అందులో నీళ్లు ఉంటే చాలు, అంతే కచ్చితంగా వస్తుంది. మా వీధిలో పనిచేసే మేస్త్రీ పైపు పట్టేటప్పుడు ముందు దాన్నంతా ఎండకు ఎదురుగా ఎత్తి, మొదటి నుంచి చివరిదాకా వేలితో తడుముతూ చూస్తాడు. ఎక్కడైనా బుడగ కనిపిస్తే ఆ చోట పైపును టకటకా కొట్టి పైకి పంపిస్తాడు. "అన్నా, బుడగ ఉంటే పైపు అబద్ధం చెప్తది" అంటాడు. రెండు కొసలూ పక్కపక్కన పట్టుకుని నీళ్లు ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూసుకున్నాకే కదులుతాడు. ఆ రెండు నిమిషాలు వదిలేయొద్దు. పైపు ఎండలో ఎక్కడా పడి ఉండకుండా, మడత పడకుండా చూసుకోండి.

ప్రతి గూటం దగ్గర గుర్తు నుంచి నేలదాకా కొలిచి కాగితం మీద రాసుకోండి. ఎక్కడ మిట్ట, ఎక్కడ పల్లం, ఎంత తేడా అన్నది అప్పుడే తేటగా తెలుస్తుంది. కంటితో చూస్తే పల్లం లేనట్టే అనిపించే పెరట్లో కూడా ఆరేడు అంగుళాల తేడా బయటపడుతుంది.

పై మట్టి తీయడం

పల్లం వైపు కనీసం నాలుగు అంగుళాలు తీయాలి. గడ్డి, వేర్లు, ఆకుచెత్త ఉన్న పొర అంతా పోవాలి, అది కుళ్లి కుంగుతుంది. మిట్ట వైపు ఎంత తీయాలో మీ కొలతలు చెబుతాయి. తవ్విన అడుగు దాదాపు మట్టంగా ఉండి, పల్లం వైపుకు చిన్న వాలు రావాలి. వంద అంగుళాలకు ఒక అంగుళం లెక్కన, పద్నాలుగు అడుగులకు రెండంగుళాలకు కొంచెం తక్కువ. మిట్ట వైపు తవ్వకుండా పల్లం వైపే ఎత్తుగా మొరం పోసి సరిచేద్దామనిపిస్తుంది. అలా చేస్తే ఒకపక్క మొరం మందం అంగుళాల్లో, మరోపక్క అడుగుల్లో ఉంటుంది, మందంగా ఉన్న పక్క ఎక్కువ దిగుతుంది. మందం అంతటా ఇంచుమించు ఒకేలా రావాలనే మిట్టను తవ్వుతున్నాం.

తుంగ గురించి వేరుగా చెప్పాలి. గరిక, ఇతర గడ్డి షీటు కింద వెలుతురు లేక చస్తాయి. తుంగ మొలక మాత్రం సూదిలా ఉంటుంది, తార్పాలిన్‌నూ పూల్ అడుగునూ రెండింటినీ పొడుచుకుని పైకి వస్తుంది. దాని గడ్డలు ఎక్కువగా పై ఆరంగుళాల్లోనే ఉంటాయి కాబట్టి తవ్వకంలో చాలావరకు పోతాయి. మిగిలినవాటిని ఏరి, తవ్విన నేలను కొన్నాళ్లు ఎండకు వదిలేయండి, మన ఎండకు గడ్డలు ఎండిపోతాయి. పిల్లలు ఆడే చోటు కాబట్టి గడ్డిమందు జోలికి పోవద్దంటాను.

ఇదే సమయంలో సర్కారు తుమ్మ ముళ్లు, పల్లేరు కాయలు, గాజు పెంకులు ఏరేయండి. ఎలుక, పందికొక్కు బొక్కలు కనిపిస్తే చివరిదాకా తవ్వి మట్టి కూరి దిమ్మిస చేయాలి, అంటే బరువుతో కొట్టి గట్టిపరచాలి. పైన మూతపెట్టి వదిలేస్తే నీళ్ల బరువుకు అక్కడే గుంట పడుతుంది.

తవ్విన రేగడిని దిమ్మె కోసం మళ్లీ వాడొద్దు. చెట్ల మొదళ్లకు, కుండీలకు వాడండి.

కాలువ

దిమ్మెకు మిట్ట వైపు, అంచు నుంచి ఒకటిన్నర అడుగు వదిలి, వంకీ తిరిగిన కాలువ తవ్వండి. వెడల్పు అడుగు. లోతు ఎంతంటే, దాని అడుగు మీరు తవ్విన దిమ్మె అడుగుకంటే కనీసం రెండంగుళాలు కిందకు ఉండాలి. పైనుంచి వచ్చే నీళ్లు దిమ్మె కిందకు దూరకుండా ఇదే ఆపుతుంది. రెండు చేతులూ దిమ్మెను చుట్టి పల్లం వైపు కలిసేలా, అక్కడి నుంచి ఒకే కాలువగా బయటికి పోయేలా చూడండి. వాలు పది అడుగులకు అంగుళంపావు ఉంటే చాలు. దిమ్మె అడుగు వాలు చివర నుంచి కూడా ఈ కాలువలోకి ఒక పాయ తీయాలి.

రేగడిలో తెరిచిన కాలువ ఒక్క వానకే కూలి పూడిపోతుంది. అడుగున, పక్కలకు పాత నైలాన్ చీర పరిచి, 20 నుంచి 40 మిల్లీమీటర్ల కంకర నింపి, చీర కొసలు పైకి మడిచి మళ్లీ కొంచెం కంకర వేయండి. చీర మట్టిని ఆపుతుంది, నీళ్లను వదులుతుంది. నూలు చీర అయితే చివికిపోతుంది.

ఇంకుడు గుంత తవ్వి కాలువను అందులో కలిపేద్దామంటారు కొందరు. ఇంకని నేలలో ఇంకుడు గుంత నిండి అలాగే నిలబడుతుంది, చుట్టూ మట్టిని నానబెడుతూ ఉంటుంది. దిమ్మెకు అంతకంటే చెరుపు లేదు. నీళ్లు వాలు వెంట పోయి వీధి మోరీలోనో, దూరంగా చెట్ల దగ్గరో కలవాలి. పక్కింటి వాకిట్లోకి మాత్రం వదలొద్దు.

అడుగును తడపడం

చాలామంది ఈ మెట్టును వదిలేస్తారు. తవ్విన అడుగు పొడిగా, బీటలతో ఉండగానే మొరం పోసేస్తే, తర్వాత ఎప్పుడో తడి తగిలి ఉబ్బడం ఖాయం. ముందే ఉబ్బనివ్వండి. రెండు మూడు సాయంత్రాలు సన్నగా నీళ్లు చల్లుతూ బీటలు మూసుకునేలా చేయండి. బురద కాకూడదు. తర్వాత నడిస్తే కాలికి మట్టి అంటనంత వరకు ఆరనిచ్చి, దిమ్మిస చేసి, వెంటనే కప్పేయండి. అడుగున ఒకే తీరు తేమ ఉండి, పైన మొరం దాన్ని కాపాడితే రేగడి కదలకుండా ఉంటుంది.

కప్పే ముందు యూరియా సంచులు విప్పి, అంచులు అడుగు మేర ఒకదాని మీద ఒకటి వచ్చేలా పరవండి. బంకమన్ను మొరంలోకి ఎక్కకుండా అవి అడ్డుపడతాయి, అల్లిక సంచులు కాబట్టి నీళ్లూ నిలవవు. బజారులో జియోటెక్స్‌టైల్ బట్ట దొరికితే అది ఇంకా మేలు. ఈ పొరకు ఫ్లెక్సీ వాడొద్దు, నీళ్లు పట్టి ఉంచుతుంది.

మొరం

మహారాష్ట్రలో మొరం, ఇసుక, కంకర బ్రాస్ లెక్కన అమ్ముతారు. ఒక బ్రాస్ అంటే వంద ఘనపు అడుగులు. పద్నాలుగు అడుగుల గుండ్రటి దిమ్మె 154 చదరపు అడుగులు వస్తుంది. దిమ్మిస చేశాక ఎనిమిది అంగుళాల మందం ఉండాలంటే 103 ఘనపు అడుగులు, వదులుగా ఉన్న మొరం కుదురుకుంటుంది కాబట్టి దాని మీద ముప్పై శాతం కలుపుకోండి. ఒకటిన్నర బ్రాస్ చెప్తే అంచులకు కూడా సరిపోతుంది. రాయల్టీ రసీదు ఉన్నవాళ్ల దగ్గరే తీసుకోండి.

ఊరికే దొరుకుతుంది కదా అని ఇక్కడ రెండు వస్తువులు దిమ్మెలోకి తెచ్చేస్తుంటారు. ఒకటి ఓబీ (ఓవర్‌బర్డెన్) మట్టి, అంటే గనుల్లో బొగ్గు పైనుంచి తీసిపోసినది. అందులో మెత్తటి పలక రాయి, బొగ్గు ముక్కలు ఉంటాయి, తడికి చివికి జావవుతాయి. రెండోది పవర్ ప్లాంట్ బూడిద. పొడిగా ఉంటే ఎగిరి పిల్లల ముక్కుల్లోకి పోతుంది, తడిస్తే పారిపోతుంది. రెండూ వద్దు. రోడ్ల పనుల్లో రేగడికి సున్నం కలిపి గట్టిపరచడం నిజమే, అది పనిచేస్తుంది కూడా. కానీ పొడిసున్నం కళ్లను, చర్మాన్ని కాలుస్తుంది, మూడు నెలల పూల్ కోసం ఇంట్లో ఆ పని పెట్టుకోనక్కర్లేదు.

మొరాన్ని నాలుగేసి అంగుళాల పొరలుగా పోయండి. ఒకేసారి పోసి పైనుంచి కొడితే పై రెండంగుళాలే గట్టిపడతాయి. ప్రతి పొరకూ నీళ్లు చల్లి, గుప్పెడు మొరం తీసుకుని పిసకండి. ముద్ద కట్టి, వేళ్ల మధ్య నీళ్లు కారకుండా, బొటనవేలితో నొక్కితే రెండు మూడు ముక్కలుగా విరిగితే ఆ తేమ సరిపోయినట్టు. పొడిపొడిగా రాలిపోతే ఇంకొంచెం చల్లండి, అరచేతికి బురద అంటితే ఎండనివ్వండి. తర్వాత అంచు నుంచి మధ్యకు దిమ్మిస వేసుకుంటూ రండి. పొర మొత్తం అయ్యాక మడమతో గట్టిగా నొక్కి తిప్పితే గుర్తు పడీపడనట్టు ఉండాలి. మడమ దిగితే అక్కడ మళ్లీ కొట్టాలి. చేతి దిమ్మిసతో ఇది ఒళ్లు హూనమయ్యే పని, ప్లేట్ కంపాక్టర్ ఒక పూట అద్దెకు దొరికితే తప్పక తెచ్చుకోండి. సామాన్లు అద్దెకిచ్చే షాపులో ధుమ్మస్ అని అడిగినా ఇస్తారు.

పై పొరకు మధ్య రాడ్ పనికొస్తుంది. ఏడడుగుల వంకర లేని చెక్క బద్ద తీసుకుని, ఒక కొసకు బెజ్జం చేసి రాడ్‌కు తగిలించండి. బద్ద మీద రసమట్టం పెట్టి గడియారం ముల్లులా నెమ్మదిగా తిప్పండి. ఎక్కడ తగిలితే అక్కడ గీయాలి, ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ నింపి కొట్టాలి. పూల్ కూర్చునే పది అడుగులు పూర్తిగా మట్టంగా ఉండాలి. దాని బయట రెండడుగుల అంచు మాత్రం బయటికి అంగుళం వాలేలా చేయండి, చిమ్మిన నీళ్లు నిలవకుండా కాలువలోకి పోతాయి. చివర్లో రాడ్ తీసేయడం మర్చిపోకండి, ఆ బెజ్జంలో మొరం కూరి కొట్టండి.

పూల్ కాళ్లు వచ్చే చోట అడుగు చదరంగా షాబాదీ ఫర్షీ (నేలకు పరిచే రాతి పలకలు) ముక్కలు మొరంలో పొదగండి. పై ముఖం దిమ్మెతో సమానంగా ఉండాలి, అన్నీ లెవెల్ పైపు ప్రకారం ఒకే మట్టంలో రావాలి. చెక్క ముక్కలు పెడితే చెదలు తింటాయి.

డస్ట్, పరుపు

మొరం మీద రెండంగుళాల క్రషర్ డస్ట్ (కంకర కొట్టే చోట వచ్చే రాతి పొడి), జల్లెడ పట్టి రాతి ముక్కలు తీసేసినది. మూడో వంతు బ్రాస్ సరిపోతుంది. ఇసుక కంటే ఇది మేలు, తడిపి కొడితే గట్టిగా పట్టుకుంటుంది, నీళ్లకు కొట్టుకుపోదు, చీమలు అంత తేలికగా పుట్టలు పెట్టవు. మళ్లీ బద్ద తిప్పండి. ఆ తర్వాత సాయంత్రం వాలు వెలుతురులో చెప్పుల్లేకుండా దాని మీద నడవండి, కంటికి కనపడని గులకరాయి అరికాలికి తగులుతుంది.

ఫ్లెక్సీ పని ఇప్పుడు. పాత ఫ్లెక్సీ బ్యానర్ ఒకటి పరిచి, చుట్టూ ఉన్న ఇనుప రింగులు కత్తిరించేయండి. దాని మీద 10 మిల్లీమీటర్ల ఫోమ్ షీట్, దాని మీద మడతలు లేకుండా తార్పాలిన్. గోనె సంచులు పరిచే అలవాటుంది కానీ అవి కుళ్లి వాసన వస్తాయి, చెదలను పిలుస్తాయి. థర్మోకోల్ పనికొస్తుంది, అయితే ముక్కల మధ్య సందులు టేపుతో మూయాలి.

నింపడం

ముందు రెండు మూడు అంగుళాలే నింపండి. మడతలు సరిచేసి, నాలుగు వైపులా స్కేలు దించి నీళ్ల లోతు కొలవండి. నీళ్ల పైభాగం ఎప్పుడూ మట్టంగానే ఉంటుంది కాబట్టి లోతుల్లో తేడా ఉంటే అది మీ నేలదే. అర అంగుళం దాటితే తీసేసి డస్ట్ సరిచేయడానికి ఇదే సమయం. నిండాక కింద చెక్కలు దోపి సరిచేద్దామని చూడొద్దు, నిండిన పూల్‌ను ఎవరూ ఎత్తలేరు, కాలు వంగితే పక్కనున్న మనిషికే ప్రమాదం.

సగం నింపి, గోడ పై అంచు నుంచి నీళ్ల దాకా నాలుగు చోట్ల కొలిచి రాసుకుని ఒక రాత్రి వదిలేయండి. పొద్దున అవే చోట్ల మళ్లీ కొలవండి. నిన్నటి కొలతలకు ఇవ్వాళ్టి కొలతలకు తేడా రాకపోతే మిగతాది నింపండి. నిండాక మొదటి వారం రోజూ, తర్వాత వారానికోసారి, ప్రతి వాన తర్వాతా ఈ కొలత తప్పనిసరి. ఒకవైపు అంగుళం దిగిందంటే పిల్లల్ని దింపకుండా, సైఫన్ పైపుతో నీళ్లు తీసేయండి.

నీళ్లు తగ్గుతున్నాయని అనుమానం వస్తే బకెట్ పరీక్ష చేయండి. బకెట్‌లో నీళ్లు నింపి, పూల్ పక్కనే అదే ఎండలో పెట్టి, రెండింటి మట్టాలకూ గుర్తు పెట్టండి. మే ఎండకు రోజుకు సెంటీమీటరు ఆవిరైపోవడం మామూలే, మన పూల్‌కు అది డెబ్బై లీటర్ల పైమాట. బకెట్ తగ్గినంతే పూల్ తగ్గితే ఆవిరే. పూల్ ఇంకా ఎక్కువ తగ్గితే కారుతోంది, ఆ నీళ్లు తిన్నగా రేగడిలోకి పోతున్నాయి. ఆలస్యం చేయకుండా చిల్లు వెతికి ప్యాచ్ వేయండి. వాడనప్పుడు కవర్ కప్పితే ఆవిరి తగ్గుతుంది, దోమలూ చేరవు. ఊళ్లో నీళ్ల ట్యాంకర్ కోసం జనం బిందెలతో నిలబడే రోజుల్లో వారానికోసారి పూల్ ఖాళీ చేసి నింపడం న్యాయం కాదు. ఫిల్టర్, క్లోరిన్ వాడితే అవే నీళ్లు చాలాకాలం వస్తాయి.

నిచ్చెన దగ్గర నేల అన్నింటికంటే ముందు పాడవుతుంది. అక్కడ మూడడుగుల మేర కంకర వేసి ఫర్షీ పరవండి. పిల్లలు బయటికి రాగానే నిచ్చెన తీసి లోపల పెట్టేయండి. రెండడుగుల నీళ్లు చిన్నపిల్లలకు ప్రాణాంతకం, పెద్దవాళ్లు ఒకరు కన్ను తిప్పకుండా కూర్చోవాల్సిందే. ఫిల్టర్ మోటారు కనెక్షన్‌కు షాక్ కొడితే వెంటనే ఆగిపోయే ఆర్‌సీసీబీ ఉండాలి.

వానలకు ముందు తీసేయడం

రుతుపవనాలు మామూలుగా జూన్ మధ్యకు విదర్భ చేరతాయి. జూన్ మొదటి వారంలోనే పూల్ తీసేయండి. క్లోరిన్ వేయడం మూడు నాలుగు రోజుల ముందే ఆపేస్తే ఎండకు దాని ఘాటు పోతుంది, నీళ్లు చెట్లకు పెట్టొచ్చు. 4,400 లీటర్లూ దిమ్మె పక్కనే వదలకుండా పైపుతో దూరంగా, రెండు మూడు రోజులు కొంచెం కొంచెంగా తీయండి.

కింది షీట్లు ఎత్తేటప్పుడు బూట్లు వేసుకుని, కర్రతో అంచు లేపి చూశాకే చెయ్యి పెట్టండి. చల్లగా, చీకటిగా ఉండే చోటు కాబట్టి తేళ్లు, అప్పుడప్పుడు పాములు చేరతాయి. ఫోమ్, తార్పాలిన్ కడిగి ఆరబెట్టి దాచుకోండి.

దిమ్మెను అలాగే ఉంచండి. వానాకాలమంతా దాని మీద ఏ కప్పూ వేయకండి, కాలువ మాత్రం పూడకుండా చూసుకోండి. గడ్డివాము వేసుకోవడానికో, కట్టెలు పేర్చుకోవడానికో అది పనికొస్తుంది, బరువు అంతటా సమానంగా పడేలా పేర్చితే చాలు. మళ్లీ సంక్రాంతి తర్వాత మొలిచిన తుంగ పీకి, ఎనిమిది చోట్ల లెవెల్ పైపు పెట్టి చూడండి. ఒక వానాకాలం తిన్నాక కూడా అర అంగుళం లోపే తేడా ఉంటే ఆ ఏడాది కొంచెం డస్ట్ పోసి సరిచేసుకుంటే సరిపోతుంది, తవ్వకం అక్కర్లేదు.